పొగమంచు తీసేస్తే దెయ్యం మిగలదు

2010 ప్రాంతంలో ఎవరైనా కొత్త కంప్యూటర్ కొనుక్కుని అందులో సిస్టమ్ షాక్ 2 అనే హారర్ గేమ్ సీడీ పెట్టారనుకుందాం. ఇన్‌స్టాల్ అయితే అయ్యేది. ఐకాన్ నొక్కగానే స్క్రీన్ నల్లబడి, రెండు క్షణాల్లో మళ్లీ డెస్క్‌టాప్ ప్రత్యక్షమయ్యేది. అదృష్టం బాగుంటే గేమ్ మొదలై, ఆట మధ్యలో క్రాష్ అయ్యేది. పెంటియమ్ కాలపు కంప్యూటర్ల మీద నడిచిన గేమ్ అది. కొత్త మెషీన్ దానికన్నా ఎన్నో రెట్లు వేగం. అయినా నడవదు. పాతది కదా అని సరిపెట్టుకుంటాం కానీ, చాలాసార్లు అసలు కారణం తిరగేసి ఉంటుంది. కంప్యూటర్‌కి బలం ఎక్కువైపోవడమే ఇబ్బంది.

హారర్ గేమ్‌లకు ఈ బలంతో రెండు చిక్కులు. ముందు అది గేమ్‌ని నడవనివ్వదు. తంటాలు పడి నడిపించాక, ఆడేవాణ్ణి భయపడనివ్వదు. రేసింగ్ గేమ్‌నో క్రికెట్ గేమ్‌నో కొత్త కంప్యూటర్ మీదికి తెస్తే మొదటి చిక్కు తీరితే చాలు. బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటే అంత మంచిది. హారర్‌కి అలా కుదరదు. అప్పటి మెషీన్ల చేతకానితనంలోంచే ఆ భయం చాలావరకు పుట్టింది.

ఒక కోర్ కాలపు నమ్మకాలు

సిస్టమ్ షాక్ 2ని 1999 ఆగస్టులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ విడుదల చేసింది. తయారుచేసింది అమెరికాలోని ఇర్రేషనల్ గేమ్స్, లుకింగ్ గ్లాస్ స్టూడియోస్. వాన్ బ్రాన్ అనే అంతరిక్ష నౌకలో హీరోకి మెలకువ వస్తుంది. చుట్టూ శవాలు. బతికున్నవాళ్లు మనుషుల్లా లేరు. చేతిలోని తుపాకీ వాడేకొద్దీ పాడైపోతుంది, సరిగ్గా అవసరమైనప్పుడే జామ్ అవుతుంది. ఖాళీ చేసి వచ్చిన గదిలోకి మళ్లీ ఎవరో వచ్చి చేరతారు, వాళ్ల అడుగుల చప్పుడు గోడ అవతల నుంచి వినిపిస్తుంది. విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, జనం కొనలేదు. 2000 ఏప్రిల్ నాటికి అమ్ముడైనవి 60 వేలు కూడా దాటలేదు. మరుసటి నెలలోనే లుకింగ్ గ్లాస్ మూతపడింది.

ఇప్పుడు ఆ క్రాష్ సంగతి చూద్దాం. అప్పట్లో ఇళ్లలో ఉండే కంప్యూటర్లన్నిటికీ ప్రాసెసర్ కోర్, అంటే అసలు పని చేసే భాగం, ఒక్కటే. ఒక గేమ్ శబ్దాన్ని ఒక త్రెడ్‌లో (ప్రోగ్రామ్ లోపల విడిగా నడిచే పని), బొమ్మని ఇంకో త్రెడ్‌లో నడిపిస్తున్నా, నిజానికి ఏ క్షణంలోనైనా పని జరిగేది ఒకదానిదే. ఒకటి ఆగితే రెండోది. ప్రోగ్రామర్లు తెలిసో తెలియకో ఆ వరస మీద ఆధారపడి కోడ్ రాశారు. తర్వాత రెండు కోర్ల డ్యూయల్ కోర్, నాలుగు కోర్ల క్వాడ్ కోర్ వచ్చాయి. రెండు త్రెడ్‌లూ నిజంగానే ఒకేసారి పరిగెడతాయి, ఒకే మెమొరీ గడిలో ఒకేసారి చెయ్యి పెడతాయి. అంతే, గేమ్ పడిపోతుంది. అందుకే అప్పటి గేమర్లకు ఒక చిట్కా నోటికి వచ్చేసింది: టాస్క్ మేనేజర్ తెరిచి, గేమ్‌ని ఒక్క కోర్‌కే పరిమితం చెయ్యడం. అంటే వేలు పోసి కొన్న ప్రాసెసర్‌లో ముప్పాతిక భాగాన్ని ఆ గేమ్ కంట పడకుండా దాచడం.

సిస్టమ్ షాక్ 2కి ఇంకో బాధ కూడా ఉండేది. కథ చెప్పే వీడియోలు ఇండియో అనే పద్ధతిలో కుదించినవి. వాటిని విప్పి చూపించే కోడెక్‌ని విండోస్ కాలక్రమంలో పక్కన పెట్టేసింది. దాంతో గేమ్ నడిచినా వీడియోలు ఆడేవి కావు.

కాపీ ప్రొటెక్షన్ కథ వేరే. 2000 ప్రాంతంలో చాలా గేమ్‌ల సీడీల మీద సేఫ్‌డిస్క్ అనే తాళం ఉండేది. సీడీ అసలుదా కాదా అని చూడటానికి అది విండోస్ లోపలి పొరల్లోకి ఒక డ్రైవర్‌ని దింపేది. అంత లోపల అలాంటిది ఉండటం భద్రతకు ప్రమాదమని మైక్రోసాఫ్ట్ విండోస్ 10లో దాన్ని తీసేసింది. 2015 సెప్టెంబర్‌లో ఒక అప్‌డేట్ ద్వారా అంతకు ముందు విండోస్‌లలోనూ ఆపేసింది. మైక్రోసాఫ్ట్ చేసింది తప్పని అనలేం. కానీ దాని ఫలితం చూడండి: డబ్బు పెట్టి కొన్న అసలు సీడీ ఇవాళ నడవదు, మన ఊళ్లలో నెట్ సెంటర్ పక్కన దొరికిన క్రాక్ చేసిన కాపీ నడుస్తుంది. తాళం మిగిలింది, తాళంచెవి పట్టుకున్నవాడే వెళ్లిపోయాడు. ఇంకొన్ని గేమ్‌లైతే ఇక్కడిదాకా కూడా రావు. వాటి ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది, 64 బిట్ విండోస్ దాన్ని గుర్తించనే గుర్తించదు. లోపలి గేమ్ 32 బిట్‌దే, నడవగలదు. గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఒక ఇన్సూరెన్స్ కంపెనీ చేతిలో

సిస్టమ్ షాక్ 2కి మొదట దారి చూపింది హక్కుదారులెవరూ కాదు. 2012 సెప్టెంబర్‌లో ఒక ఫ్రెంచ్ ఫోరంలో, లె కోర్బో అన్న మారుపేరుతో ఎవరో ఒక ప్యాచ్, అంటే గేమ్‌కి మరమ్మతు చేసే ఫైల్, పెట్టారు. సిస్టమ్ షాక్ 2కీ, అదే డార్క్ ఇంజిన్ (గేమ్‌ని లోపలి నుంచి నడిపించే ప్రోగ్రామ్) మీద నడిచే థీఫ్ 2 అనే గేమ్‌కీ పనికొచ్చే ప్యాచ్ అది. మల్టీకోర్ క్రాష్‌లు పోయాయి, వైడ్ స్క్రీన్ వచ్చింది, వీడియోలు ఆడాయి. డార్క్ ఇంజిన్ సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూలం, అంతకు ఒకటి రెండేళ్ల ముందే బయటపడింది. అది చేతిలో లేకుండా అంత పని సాధ్యం కాదన్నది చాలామంది అభిప్రాయం. చేసినవాళ్లు ముందుకొచ్చి చెప్పుకోలేదు. చెప్పుకుంటే చట్టపరంగా తలనొప్పులు తప్పవు మరి.

దాదాపు అదే సమయంలో స్టీఫెన్ కిక్ అనే గేమ్ ఆర్టిస్టు ఉద్యోగం మానేసి మధ్య అమెరికా దేశాల్లో తిరుగుతున్నాడు. గ్వాటెమాలాలో ఉండగా తన చిన్న ల్యాప్‌టాప్‌లో సిస్టమ్ షాక్ 2 ఆడాలనిపించింది. నడవలేదు. ఎక్కడైనా కొందామంటే అమ్మేవాళ్లు లేరు. హక్కులు ఎవరివా అని ఆరా తీస్తే స్టార్ ఇన్సూరెన్స్ అనే కంపెనీ పేరు తేలింది. లుకింగ్ గ్లాస్ మూతపడ్డాక దాని ఆస్తుల్లో కాపీరైట్ అలా ఒక బీమా సంస్థకు చేరింది. గేమ్ పేరు మీది ట్రేడ్‌మార్క్ మాత్రం ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దగ్గర ఉండిపోయింది.

ఈ విడదీత అర్థమైతే ఇన్ని పాత గేమ్‌లు ఎందుకు కనపడకుండా పోయాయో సగం అర్థమైనట్టే. కోడ్, బొమ్మలు, కథ, సంగీతం కాపీరైట్ కిందికి వస్తాయి. పెట్టె మీది పేరు ట్రేడ్‌మార్క్ కిందికి వస్తుంది. రెండూ ఒకరి దగ్గరే ఉండాలని లేదు. ఒకరి దగ్గర పేరు లేని గేమ్, ఇంకొకరి దగ్గర గేమ్ లేని పేరు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే తప్ప అమ్మడానికి లేదు. మాట్లాడుకోవాలంటే లాయర్ల ఖర్చు, ఆ ఖర్చు పాత గేమ్ అమ్మితే తిరిగొస్తుందో లేదో తెలియదు. కాబట్టి ఎవరూ ఫోన్ ఎత్తరు. ఇందులో కుట్రేమీ లేదు, గిట్టుబాటు లెక్కే. మధ్యలో గేమ్ నలిగిపోతుంది.

కిక్ ఆ బీమా కంపెనీకి రాశాడు. సిస్టమ్ షాక్ 3 తీస్తావా అని అటునుంచి అడిగారు. అతను ముందు రెండో దాన్ని మళ్లీ అమ్ముదామన్నాడు. ఒప్పందం కుదిరింది, నైట్‌డైవ్ స్టూడియోస్ పుట్టింది, 2013 ఫిబ్రవరిలో గేమ్ పోలండ్‌కి చెందిన జీఓజీ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లోకి వచ్చింది. అందులో నడిచింది ఆ అజ్ఞాత ప్యాచే. హక్కుల కాగితాలు నైట్‌డైవ్‌వి, లోపలి మరమ్మతు ఎవరో ఊరూ పేరూ చెప్పుకోని మనిషిది. నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో ఇదే అసలైన ముచ్చటగా అనిపిస్తుంది. సంస్థలు వదిలేసిన దాన్ని అభిమానులు కాపాడితే, ఒక చిన్న సంస్థ దానికి చట్టబద్ధత తెచ్చిపెట్టింది.

నైట్‌డైవ్ అక్కడితో ఆగలేదు. 1994 నాటి మొదటి సిస్టమ్ షాక్‌ని 2015లో మౌస్‌తో సుఖంగా ఆడేలా మార్చి తెచ్చింది, 2018లో దాని సోర్స్ కోడ్‌ని అందరికీ తెరిచిపెట్టింది, 2023లో మొదట్నుంచి మళ్లీ తయారుచేసి పూర్తి రీమేక్ తెచ్చింది. అదే ఏడాది ఆ స్టూడియోని అటారీ అనే గేమ్ కంపెనీ కొనేసింది. సిస్టమ్ షాక్ 2 రీమాస్టర్, అంటే అదే గేమ్‌కి మెరుగులు దిద్దిన వెర్షన్, 2025 జూన్‌లో వచ్చింది. ఈసారి డార్క్ ఇంజిన్‌ని అతుకులేసి నెట్టుకురాలేదు, గేమ్‌ని తమ సొంత కెక్స్ ఇంజిన్ మీదికి మార్చారు. ఇకముందు విండోస్ మారినా ఆ ఇంజిన్ ఒక్కదాన్ని సరిచేసుకుంటే చాలు.

మంచు పల్చబడితే

ఇక రెండో చిక్కు. సైలెంట్ హిల్ అనే హారర్ గేమ్ మొదటి భాగం 1999లో ప్లేస్టేషన్ మీద వచ్చింది. ఊరంతా ఒకేసారి గీసే శక్తి ఆ మెషీన్‌కి లేదు. నాలుగడుగుల అవతల ఏముందో చూపించలేరు. అందుకని దాన్ని తయారుచేసిన కొనామీ కంపెనీ టీమ్ ఊరిని మంచుతో కప్పేసింది, మంచు లేనిచోట చీకటి నింపింది. ఆడేవాళ్లకి అది సాంకేతిక లోపంలా అనిపించలేదు. హీరో దగ్గరున్న రేడియోలో గరగర మొదలవుతుంది, ఏదో దగ్గరికొస్తోంది, కంటికి మాత్రం తెల్లగా ఏమీ కనిపించదు. 2001లో ప్లేస్టేషన్ 2 మీద రెండో భాగం వచ్చేసరికి మెషీన్ బలపడింది. అయినా టీమ్ మంచుని వదల్లేదు, పొరలుపొరలుగా కదిలేలా ఇంకా చిక్కగా తయారుచేసింది.

పదకొండేళ్ల తర్వాత, 2012లో, ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360ల కోసం రెండు, మూడు భాగాల హెచ్‌డీ కలెక్షన్ తెచ్చారు. పని హైజింక్స్ అనే స్టూడియోకి అప్పగించారు. రీమాస్టర్ ఎలా చెయ్యకూడదో చెప్పడానికి ఇప్పటికీ దాన్నే చూపిస్తారు. మంచు పల్చబడిపోయింది. సరస్సు నీళ్లు ఎక్కడ ఆగిపోతున్నాయో, గీసిన ఊరు ఎక్కడ అయిపోతుందో కంటికి కనిపించింది. ఒక బోర్డు మీద చేత్తో పెయింట్ చేసినట్టుండే అక్షరాలు పోయి, బర్త్‌డే కార్డుల మీద వాడే కామిక్ శాన్స్‌లాంటి అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. భార్య చనిపోయాక ఆమె పేరుతో వచ్చిన ఉత్తరం పట్టుకుని ఊళ్లోకి దిగే జేమ్స్ కథ అది. ఆ బోర్డు చూశాక నవ్వాపుకుని భయపడాలంటే కష్టం.

హైజింక్స్‌ని మాత్రమే తిట్టి లాభం లేదు. కొనామీ తన దగ్గరున్న సోర్స్ కోడ్ ఇచ్చింది. తీరా చూస్తే అది అమ్మకానికి వెళ్లిన చివరి వెర్షన్ కాదు, అంతకు ముందుది. 2001లో అసలు టీమ్ కూర్చుని సరిచేసిన బగ్‌లనే వీళ్లు మళ్లీ ఒక్కొక్కటిగా పట్టుకుని సరిచెయ్యాల్సి వచ్చింది. ప్రపంచమంతా మెచ్చిన గేమ్ తుది కోడ్‌ని భద్రం చేసుకోవాలని ఆ సంస్థకు తోచలేదు. అప్పట్లో గేమ్ అంటే రెండు మూడేళ్లు అమ్ముకుని మర్చిపోయే సరుకు. తర్వాత ప్యాచ్ ప్లేస్టేషన్ 3కి వచ్చింది, ఎక్స్‌బాక్స్‌కి రద్దయింది.

దీనికి జవాబు మళ్లీ అభిమానుల నుంచే వచ్చింది. సైలెంట్ హిల్ 2కి 2002లో ఒక పీసీ వెర్షన్ ఉండేది. అదీ అంతంతమాత్రమే: ప్లేస్టేషన్ 2లోని మంచు, నీడలు, సినిమా రీలు మీది గరుకులాంటి నాయిజ్ సరిగ్గా దిగలేదు, మల్టీకోర్ మీద ఆడితే ఒకే శబ్దం గిరగిరా తిరుగుతూ గేమ్ బిగుసుకుపోయేది. ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ పేరుతో ఒక అభిమానుల బృందం ఏళ్ల తరబడి కూర్చుని వీటిని చక్కదిద్దింది. వాళ్ల దగ్గర సోర్స్ కోడ్ లేదు. మరెలా?

కిటుకు ఒక ఫైల్ పేరులో ఉంది. గేమ్ బొమ్మ గీయాలంటే విండోస్‌లోని డైరెక్ట్3డీ 8ని పిలవాలి, ఆ ఫైల్ పేరు డీ3డీ8.డీఎల్ఎల్. అలాంటి ఫైల్ కావాలన్నప్పుడు విండోస్ ముందు గేమ్ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది, అక్కడ లేకపోతే సిస్టమ్ ఫోల్డర్‌కి వెళ్తుంది. అభిమానులు అదే పేరుతో తమ ఫైల్‌ని గేమ్ ఫోల్డర్‌లో పెట్టారు. గేమ్‌కి తేడా తెలియదు. విండోస్‌ని అడగాల్సినవన్నీ ఆ ఫైల్‌నే అడుగుతుంది. అది వాటిని డైరెక్ట్3డీ 9 భాషలోకి మారుస్తుంది. దారిలోనే మంచుని చిక్కబరుస్తుంది, నీడల్ని సరిచేస్తుంది, నాయిజ్‌ని తిరిగి పెడుతుంది. గేమ్ నడుస్తుండగానే దాని మెమొరీలోకి వెళ్లి తప్పుడు అంకెల్ని మార్చేస్తుంది. కావాలంటే గేమ్‌ని ఒక్క కోర్‌కి కట్టేసే పని కూడా చూసుకుంటుంది. కొత్త మెషీన్ బలంలో కొంత బొమ్మ స్పష్టతకు పోతుంది. మిగతాదంతా ఆ పాత మసకని యథాతథంగా నిలబెట్టడానికే ఖర్చవుతుంది.

రెసిడెంట్ ఈవిల్ అనే ఇంకో హారర్ గేమ్‌లో ఇదే తలుపుల రూపంలో కనిపిస్తుంది. 1996 నాటి మొదటి భాగంలో గది మారినప్పుడల్లా నల్లటి తెర మీద ఒక తలుపు నెమ్మదిగా, కిర్రుమంటూ తెరుచుకుంటుంది. సీడీ నుంచి తర్వాతి గది లోడ్ అవ్వడానికి పట్టే టైమ్‌ని కప్పిపుచ్చే ఏర్పాటు అది. ఇవాళ్టి కంప్యూటర్లలోని వేగమైన ఎస్‌ఎస్‌డీ డిస్కుకి ఆ టైమ్ అక్కర్లేదు. అలాగని తలుపు తీసేస్తే, అవతల ఏముందో తెలియని ఆ నాలుగైదు క్షణాల టెన్షన్ కూడా పోతుంది. నన్నడిగితే తలుపు ఉండాల్సిందే. వెనక కనిపించే గదులదీ అదే తంతు. అవి ముందుగానే కంప్యూటర్ మీద గీసి పెట్టుకున్న స్థిర చిత్రాలు, గేమ్‌లో 320×240 సైజులో ఉంటాయి. స్క్రీన్ వెడల్పు చెయ్యాలంటే ఆ చిత్రానికి పక్కన గీసింది ఏమీ లేదు. పాత్రల్ని మాత్రం 4కేలో చూపిస్తే మసక గోడ ముందు అట్టముక్కలు అతికించినట్టు ఉంటుంది.

జీఓజీ 2024 జూన్‌లో ఈ గేమ్‌నీ, ఆగస్టు, సెప్టెంబర్‌లలో రెండు, మూడు భాగాలనీ తెచ్చింది. ముందు వాటి సొంతదారు క్యాప్‌కామ్ పెద్దగా ఆసక్తి చూపలేదట. మెరుగైన రీమేక్‌లు ఉండగా పాతవి ఎందుకన్నది వాళ్ల వాదన. వ్యాపారంగా చూస్తే సబబే. ఆటగా చూస్తే కాదు. రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్‌లో కెమెరా హీరో భుజం వెనకే ఉంటుంది, ఎటు కావాలంటే అటు చూడొచ్చు. పాతదాంట్లో కెమెరా మూలన పాతుకుపోయి ఉంటుంది, మలుపు తిరిగితే ఏముందో మనకి చూపించదు. రెండూ మంచి గేమ్‌లే, భయం మాత్రం ఒకటి కాదు. చివరికి జీఓజీ కొత్త డైరెక్ట్ఎక్స్ రెండరర్ (బొమ్మ గీసే భాగం), ఇప్పటి కంట్రోలర్లకి సపోర్ట్, కొన్ని బగ్‌ల మరమ్మతులు చేసి ఊరుకుంది. మిగతాది ముట్టుకోలేదు. మంచి పని చేసింది.

ఇంకా పాతవాటికి తిప్పలు కొంచెం తక్కువ. 1992 నాటి అలోన్ ఇన్ ద డార్క్ లాంటి, డాస్ అనే పాత వ్యవస్థ మీద నడిచిన గేమ్‌లకి డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ ఉంది. అది కంప్యూటర్ లోపల ఒక నకిలీ పాత కంప్యూటర్‌ని తయారుచేసి, కావాల్సినంత నెమ్మదిగా నడిపిస్తుంది. ఏడు సీడీల మీద వచ్చిన 1995 నాటి ఫాంటస్మగోరియాకి స్కమ్‌వీఎం ఉంది. అది పాత ఇంజిన్‌ని మళ్లీ మొదట్నుంచి రాసుకుని, అసలు గేమ్ నుంచి బొమ్మల్నీ శబ్దాల్నీ మాత్రం తీసుకుంటుంది. నిజంగా నడిమంత్రంలో చిక్కుకున్నవి 1996 నుంచి 2005 వరకు విండోస్ కోసం వచ్చిన గేమ్‌లు. పూర్తిగా నకిలీ మెషీన్ కట్టి నడిపేంత పాతవి కావు, ఇప్పటి విండోస్ గుర్తుపట్టేంత కొత్తవీ కావు.

కొనాలన్నా దొరకనివి

అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనం బయటపెట్టింది. ఆ దేశంలో 2010కి ముందు వచ్చిన గేమ్‌లలో 87 శాతం ఇవాళ మార్కెట్లో కొనడానికి దొరకవు. లైబ్రరీలు వీటిని పరిశోధకులకు ఇంటర్నెట్ ద్వారా చూపించడానికి అనుమతి ఇవ్వమని అడిగితే, 2024 అక్టోబర్‌లో అమెరికా కాపీరైట్ ఆఫీసు కాదంది. ఒక అభ్యంతరం ఏమిటంటే, జనం వాటిని సరదాకి ఆడుకునే ప్రమాదం ఉందట. నవలని సరదాకి చదువుతారని లైబ్రరీలో ఇవ్వకుండా ఉంటారా?

ఇక గడువు తీరేదాకా ఆగుదామంటారా? అమెరికా చట్టం ప్రకారం సంస్థలు తమ ఉద్యోగులతో చేయించిన పనికి కాపీరైట్, విడుదలైన నాటి నుంచి 95 ఏళ్లు. సిస్టమ్ షాక్ 2 కాపీరైట్ 2094 చివరిదాకా ఉంటుంది. అప్పటికి ఆ సీడీలూ ఉండవు, వాటిని చదివే డ్రైవులూ ఉండవు.

సిస్టమ్ షాక్‌లు, రెసిడెంట్ ఈవిల్‌లు, ఫాంటస్మగోరియా స్టోర్లలో ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు లేని ఆఫీసు ల్యాప్‌టాప్ మీద కూడా పాత వెర్షన్లు బాగానే నడుస్తాయి, కాబట్టి ఖరీదైన గేమింగ్ పీసీ లేదని ఎవరూ వెనకాడక్కర్లేదు. సైలెంట్ హిల్ 2తోనే పేచీ. 2024 అక్టోబర్‌లో బ్లూబర్ టీమ్ చేసిన రీమేక్ పీసీకి వచ్చింది, 2002 నాటి పీసీ వెర్షన్‌ని మాత్రం స్టోర్లలోకి తేలేదు. ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ ఉచితమే కానీ, గేమ్ దాంతో రాదు. అది పెట్టుకోవాలంటే అసలు డిస్క్ మన దగ్గర ఉండాలి, సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాలి. సిస్టమ్ షాక్‌లాగా హక్కులు ఎవరివో తవ్వి తీయాల్సిన అవసరమూ ఇక్కడ లేదు. పేరు కొనామీదే, గేమ్ కొనామీదే. మరమ్మతు అభిమానులు చేసి పెట్టారు. కొనామీ అమ్మకానికి పెట్టడమే మిగిలింది.